ఒళ్ళో బిడ్డ

మర్నాడే మా చెల్లెలు అడెసువా పెళ్ళి. తలమీద, మెడలో పగడాలు లేకుండా మా ఎడో తెగవాళ్ళ పెళ్ళికూతురు గది దాటి రాదు. మా అమ్మమ్మ ఇచ్చిపోయిన ఆ పగడాలను బెనిన్ పట్నం నుంచి పెళ్ళి జరిగే ఎక్పోమా ఊరికి చేర్చే పని నా నెత్తిన పడింది. ఇంట్లో అనుమానప్పక్షిని నేనే కాబట్టి నాకే అప్పగించారు.

షేర్ టాక్సీల సంగతి మాకు చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. లోపలున్న ప్రయాణికులంతా ఒకే ముఠా అయితే నడిదారిలో దోచుకుని బయటికి తోసేస్తారు. అందుకే అందరూ మగవాళ్ళే ఉన్న కారు ఎక్కకూడదు. చంటిబిడ్డతో ఆడమనిషి ఉంటే భయం లేదు. అలా చూసి చూసి, వెనకసీట్లో బిడ్డతో ఒకామె కనిపించిన కారే ఎక్కి, తలుపు పక్కన కూర్చున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పక్కవాళ్ళ బిడ్డను ఒళ్ళోకి తీసుకోవడం మా దగ్గర అడిగి చేసే పని కాదు. ఆమె అందించింది, నేను అందుకున్నాను. నాకు ఇరుకవుతుందని పగడాలున్న నా సంచిని తన కాళ్ళ దగ్గరికి లాక్కుంది. బిడ్డనే నా చేతికిచ్చిన మనిషిని సంచి ముట్టుకోవద్దని ఎలా అంటాను?

కారు గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది. బిడ్డ కదల్లేదు. డ్రైవర్ పాట పెద్దగా పెట్టినా రెప్ప ఆడలేదు. తెరుచుకున్న నోట్లోంచి దగ్గుమందు వాసన వస్తోంది.

"బిడ్డకు ఎన్నో నెల చెల్లీ?" అని నవ్వుతూ అడిగాను.

ఆమె ముందుసీట్లో కూర్చున్న మగమనిషివైపు చూసింది. "ఆరో నెల అక్కా."

బిడ్డ నోట్లో పైనా కిందా పళ్ళున్నాయి. ఈ బిడ్డ ఆమెది కాదు. నా సంచి ఇక నాది కాదు. తలుపు ఒక్కటే నా పక్కన ఉంది.

సంత దగ్గర మేకలు అడ్డం రావడంతో కారు నెమ్మదించింది. సంచి అందుకోవాలంటే బిడ్డను వదలాలి. అడెసువా బోసి మెడ కళ్ళ ముందు కదిలింది. చెల్లెలి మీద ప్రేమ లేక కాదు, బిడ్డను వాళ్ళకు వదిలి రావడానికి చేతులు రాలేదు. తలుపు తోసి బిడ్డతో సహా దూకేశాను. కారు ఆగకుండా పోయింది.

మోకాళ్ళు చీరుకుపోయాయి, చెప్పులు లేవు. మిరపకాయలమ్మే ఆడవాళ్ళు పరుగున వచ్చి లేపారు. దొంగలు, కారు, పగడాలు అని ఏదేదో చెప్పాను. వాళ్ళు నా మాట వినడం లేదు, బిడ్డనే చూస్తున్నారు. ఎంత కుదిపినా లేవని బిడ్డ. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు దొరికితే మా సంతల్లో పోలీసుల దాకా పోనివ్వరు. ఆ సంగతి నాకూ తెలుసు.

వాళ్ళలో పెద్దావిడ బిడ్డ బుగ్గ నిమిరి, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"బిడ్డ పేరేంటమ్మా?"