బయట నుంచి తీసే గడియ

కౌన్సెలింగ్ ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను షెడ్డులో అలమరా తలుపుకి చిత్రిక పడుతున్నాను. మా అమ్మాయిని వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి ఆవిడ. మా అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. వాళ్ళమ్మ పోయాక కాలేజీ మానేసింది. పగలంతా పడుకోవడం, పలకరిస్తే గోడవైపు తిరగడం. డాక్టర్ల మీద నాకు నమ్మకం ఎప్పుడో పోయింది. పిల్ల తనంతట తాను గడప దాటేది ఆవిడ దగ్గరికి మాత్రమే కాబట్టి ఊరుకున్నాను.

"మీకు చెప్పడానికి అమ్మాయి ఒప్పుకుందండి," అంది ఆవిడ. "బతకాలని లేదంటోంది. ఇక్కడే నా దగ్గర కూర్చుంది, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో మందులేమైనా మిగిలి ఉంటే తీసేయండి. గదిలో గడియ వేసుకుంటుందట, దాని సంగతీ చూడండి."

పిల్లని తీసుకురావడానికి మా మరదల్ని పంపాను. సొంత అక్క, నా భార్య, మంచాన ఉన్నప్పుడు రెండుసార్లు వచ్చి గుమ్మంలోంచే వెళ్ళిపోయిన మనిషి. అది నేను మర్చిపోలేదు. కానీ దగ్గర్లో ఇంకెవరున్నారు.

మందులు నా భార్యవి. పారేయడానికి చేతులు రాక ఉంచాను. మందుల షాపులో ఇచ్చేశాను. తర్వాత గడియ విప్పాను. పని సగంలో ఆగినట్టు అనిపించింది. గడియ లేకపోతే కుర్చీ ఆనించుకోవచ్చు, మంచం అడ్డం లాక్కోవచ్చు. తలుపులు చేసి బతికినవాణ్ణి, నాకు తెలియనివా. మడతబందులు విప్పి తలుపు మొత్తం తీసేసి షెడ్డులో పెట్టాను.

అమ్మాయి వచ్చి చూసింది. తిన్నగా బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. నేను తలుపు బాదాను. "బతికే ఉన్నాను," అంది లోపలి నుంచి.

మరదలు నా వైపు తిరిగింది.

"పెళ్ళీడు పిల్ల గదికి తలుపు పీకేస్తారా బావా ఎవరైనా? బట్టలెక్కడ మార్చుకుంటుంది?"

"దుప్పటి కడతాను."

"ఇంకా నయం, గోడలు పీకలేదు. ఇప్పుడు బాత్రూం తలుపు కూడా పీకేయండి, ఓ పనైపోతుంది."

"నువ్వు నాకు చెప్పొచ్చావా?"

"చెప్పడానికి మా అక్క లేదుగా మరి."

నేను షెడ్డులోకి వెళ్ళిపోయాను.

మరదలు ఉండిపోయింది, రాత్రిళ్ళు పిల్ల పక్కనే పడుకుంది. పిల్ల మాత్రం రోజూ బాత్రూంలో గంటలు గంటలు కూర్చునేది. కౌన్సెలింగ్ రోజు వచ్చింది. "నేను వెళ్ళను," అంది. మొదటి రోజు తర్వాత నాతో మాట్లాడింది అదొక్కటే. మర్నాడు ఆవిడ దగ్గరికి నేనే వెళ్ళాను.

రెండో అంతస్తులో చిన్న గది. మధ్యాహ్నం దాటిపోయినా ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీయకుండా పక్కనే ఉంది. కళ్ళ కింద నలుపు. ఇలాంటి పిల్లలు రోజుకి ఎంతమంది వస్తారో నేను అడగలేదు.

"మీరు చెప్పినట్టే చేశాను. రానంటోంది," అన్నాను.

"నేను గడియ అన్నానండి. తలుపు అనలేదు."

"తలుపుంటే లోపల ఇంకేదైనా అడ్డం పెట్టుకుంటుంది. మీకు తెలీదు."

"నిజమే, తెలీదు. సరిగ్గా చెప్పాల్సింది, చెప్పలేదు." ఆవిడ నుదురు రుద్దుకుంది. "మనసులో మాట మొదటిసారి బయటికి చెప్పింది. చెప్పి ఇంటికెళ్తే గదికి తలుపు లేదు. ఇంకోసారి నాకేం చెబుతుంది? చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది, మీకెలా తెలుస్తుంది?"

నేను ఆ గది తలుపు వైపు చూశాను.

"తను లోపల వేసుకునేలా, అవసరమైతే మీరు బయట నుంచి తీసేలా గడియ ఏదైనా ఉంటుందాండీ?"

"ఉంటుంది. ఆస్పత్రుల్లో వేస్తారు. బయటి వైపు గాడిలో నాణెం పెట్టి తిప్పితే వచ్చేస్తుంది."

"అది వేయండి. బయట నుంచి తీయొచ్చని తనకి చెప్పి మరీ వేయండి."

"చెబితే ఇంకేం లాభం?"

"చెప్పకుండా వేస్తే ఇప్పుడు చేసినదే మళ్ళీ చేసినట్టు."

నాకంటే చిన్నవాళ్ళ చేత చెప్పించుకోవడం నాకు పడదు. లేచి వచ్చేశాను. దారిలో గడియ కొన్నాను.

మరదలు తలుపు పట్టుకుంటే నేను బందులు బిగించాను. లోపలికి తెరుచుకునే తలుపుని బయటికి తెరుచుకునేలా మార్చాను. అప్పుడిక కుర్చీలు, మంచాలు ఆపలేవు. అమ్మాయి బాత్రూంలోంచి వచ్చి నిలబడి చూసింది.

"ఇది బయట నుంచి తీసినా వస్తుంది," అన్నాను. "అందుకే వేస్తున్నాను. తలుపు ఇటు తిప్పిందీ అందుకే."

లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. "తియ్యి," అంది. నాణెంతో తిప్పాను. తలుపు తెరుచుకుంది. ఎదురుగా నిలబడి ఉంది. చాలా చిక్కిపోయింది. ఇన్నాళ్ళూ నేను సరిగ్గా చూడలేదు.

"ముందు తట్టి అడుగు నాన్నా. ఊరికే తీయొద్దు."

"తట్టినా పలక్కపోతే?"

గడియని ఒకసారి వేసి తీసి చూసింది.

"అప్పుడు తియ్యి," అంది.

మరదలు కొంగుతో మొహం తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. నేను స్క్రూలు ఏరుకున్నాను.

తర్వాతి వారం అమ్మాయి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "పిన్నికి మోకాళ్ళ నొప్పి, మళ్ళీ అన్ని మెట్లు ఎక్కలేదు. నువ్వు రా. లోపలికి మాత్రం రాకు."

బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా నాకు దూరంగా కూర్చుంది. అక్కడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు నాసిరకం, కింద అంగుళం సందు. కాసేపటికి మా అమ్మాయి గొంతు వినిపించింది. "ఆరోజు ఇంటికెళ్ళాక..." అంటోంది.

లేచి, మెట్లు దిగి, కింది అంతస్తులో నిలబడ్డాను.