జారెట్ ఎందుకు ఆగుతాడు

ఆర్విడ్ స్కౌట్‌గా పనిచేసే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఒక పద్ధతుంది. ఏప్రిల్లో కాలేజీ కుర్రాళ్ళను ఎంచుకునే ముందు స్కౌట్లందరినీ ఒక గదిలో కూర్చోబెడతారు. దేశమంతా తిరిగి ఆటలు చూసొచ్చిన ఆ స్కౌట్లు ఎవరి గురించైనా ఎంతసేపైనా మాట్లాడొచ్చు. కానీ "వీణ్ణి తీసుకోవాల్సిందే" అని బల్ల గుద్దడం మాత్రం ఏడాదికి ఒక్కడి కోసమే. ఆ కుర్రాడు నెగ్గుకొస్తే గుద్దినవాడు మీసం మెలేసుకుని తిరుగుతాడు. నెగ్గుకురాకపోతే మళ్ళీ ఏప్రిల్ వచ్చేదాకా కాఫీ దగ్గర అందరికీ అదే కాలక్షేపం.

మార్చి సగం గడిచినా, ఈ ఏడు ఎవరికోసం గుద్దాలో ఆర్విడ్‌కి తేలలేదు. పెద్ద కాలేజీల కుర్రాళ్ళ కోసం గుద్దేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళు బాగా ఆడతారని టీవీ చూసే ప్రతివాడికీ తెలుసు, దానికి స్కౌట్ ఎందుకు దండగ, అని ఆర్విడ్ పొగరు. ఆ పొగరుకి తోడు సౌత్ డకోటాలో కోచ్‌గా ఉన్న పాత స్నేహితుడు లయల్ వారం రోజులుగా ఫోన్లో జోరీగలా వదలడంలేదు. దాంతో ఒక పొద్దున్న బండెక్కి జిమ్ నది ఒడ్డునున్న ఆ చిన్న కాలేజీకి వచ్చి పడ్డాడు.

లయల్ గొడవంతా జారెట్ హోఫర్ అనే రిసీవర్ గురించి. రిసీవర్ పని చెప్పుకోవడానికి తేలికే: ముందుకు దూసుకుపోవాలి, వెనకనుంచి విసిరిన బంతిని పట్టుకోవాలి. జారెట్ నాలుగేళ్ళూ లెక్కలేనన్ని పట్టాడు. అయితే ఎవరిమీద పట్టాడు? పొద్దున పాలు పితికి, మధ్యాహ్నం ఆటకొచ్చే కుర్రాళ్ళమీద. చిన్న కాలేజీ రిసీవర్‌తో వచ్చిన చిక్కే ఇది. వాడు గొప్పవాడో, ఎదుటివాళ్ళు నాసిరకమో ఓ పట్టాన తేలదు.

బయల్దేరేముందు స్కౌట్ల పెద్ద రొవీనా పెదవి విరిచేసింది.

"వాడి వీడియోలు చూశానయ్యా. బంతి వచ్చేసరికి వాడికి ఆయాసం. దూరం పరిగెత్తిన ప్రతిసారీ చివర్లో నెమ్మదిస్తాడు. అక్కడ చెల్లుతుందేమో గానీ మన దగ్గర అలా ఆగితే నలుగురు మీదపడి నేలకి అంటిస్తారు. పెట్రోలు దండగ."

ఆర్విడ్ కాదనలేదు. వీడియోలు తనూ చూశాడు. కానీ ఒక్కటి మింగుడుపడలేదు. బంతి వేరేవాళ్ళకి పోయినప్పుడు జారెట్ అడ్డు తొలగించడానికి అందరికంటే ముందు పరిగెత్తేవాడు. అప్పుడు చివరిదాకా ఎక్కడా తగ్గేవాడు కాదు. ఆయాసమే అయితే అప్పుడు మాత్రం రాదా?

మైదానం దగ్గర లయల్ చెవులదాకా టోపీ లాక్కుని నిలబడ్డాడు. ఉత్తరపు గాలి మొహం కోసేస్తోంది.

"వచ్చావా మహానుభావా! వేరే జట్టువాళ్ళు ఎవరూ రాలేదు. నువ్వొక్కడివే."

"అంటే తెలివైనవాళ్ళంతా ఇళ్ళల్లో ఉన్నారన్నమాట."

"ముందు చూడు, తర్వాత వాగుదువుగానీ."

జారెట్ పొడుగ్గా, సిగ్గుగా ఉన్నాడు. పక్కనే బంతి తిప్పుతూ నవ్వుమొహంతో ఇంకో కుర్రాడు. వెస్లీ, ఈ జట్టుకి బంతి విసిరేవాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. పదకొండుమందిని కూడగట్టలేక తొమ్మిదిమందితోనే ఆడే బడి వాళ్ళది. అప్పట్నించీ వెస్లీ విసరడం, జారెట్ పట్టడం.

ముందు బంతి లేకుండా ఉత్త పరుగు. ఆర్విడ్ స్టాప్‌వాచ్ నొక్కి చూసుకున్నాడు. బాగుంది, చాలా బాగుంది. కానీ గడియారం చూసి మురిసిపోయి మోసపోయినవాళ్ళు ఈ వృత్తిలో కోకొల్లలు. ఆ మురిపెం ఆర్విడ్ దగ్గర చెల్లదు.

"ఇక బంతితో కానివ్వండి," అన్నాడు.

వెస్లీ విసిరాడు. జారెట్ బాణంలా పోయాడు. సగం దూరం దాటాక తల తిప్పి చూశాడు, నెమ్మదించాడు, పట్టాడు. మళ్ళీ అదే. ఇంకోసారీ అదే. లయల్ బూటుతో గడ్డిని కెలకడం మొదలుపెట్టాడు.

ఆర్విడ్ ఈసారి జారెట్‌ని చూడడం మానేసి బంతిని చూశాడు. అది వెస్లీ చేతినుంచి ముచ్చటగా లేచి, కొంతదూరం పోయి, గాలికి ఎదురెళ్ళలేక ఉసూరుమంటూ దిగిపోతోంది. జారెట్ అలిసిపోయి ఆగడంలేదు. బంతి కోసం ఆగుతున్నాడు. అంత సులువైన సంగతి పెద్ద తెర ముందు కూర్చున్న రొవీనాకీ, ఇన్నేళ్ళ అనుభవం వెలగబెట్టిన తనకీ తట్టలేదు. వీడియోలో అందరూ పరిగెత్తేవాణ్ణే చూస్తారు మరి.

అయితే ఊహించుకుని బల్ల గుద్దడం కుదరదు. కళ్ళతో చూడాలి.

"ఇంకెవరైనా విసిరేవాళ్ళున్నారా? కాస్త చెయ్యి బలమున్నవాడు?"

జారెట్ మొహం గట్టిపడింది. "నాకు వెస్లీ విసురుతాడు సార్."

"ఒక్క అరగంటే కదా బాబూ."

"నాలుగో తరగతినుంచీ వాడే విసిరాడు. ఇవాళ మీరొచ్చారని వాణ్ణి పక్కన కూర్చోమనలేను. వాడు విసరకపోతే నేను పరిగెత్తను."

మర్యాదగానే అన్నాడు. మర్యాదగా మొండికేసేవాళ్ళతో వేగడం మరీ కష్టం. ఆర్విడ్‌కి ఒళ్ళు మండింది. జీవితంలో ఒక్కసారి తలుపు కొట్టిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టేస్తున్నాడు వీడు. అంతలోనే ఆ మొండితనం నచ్చింది కూడా. అది ఇంకా చిరాకు తెప్పించింది.

వెస్లీ అన్నీ వింటున్నాడు. బంతిని చంకలో పెట్టుకుని ఆర్విడ్ దగ్గరికొచ్చాడు.

"సార్, నిజం చెప్పండి. వీడు నెమ్మది అంటున్నారు కదా, అది నావల్లేనా?"

ఆర్విడ్ నీళ్ళు నమిలాడు. ఆ నమలడమే జవాబైపోయింది. వెస్లీ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి పక్కకి వెళ్ళాడు.

"ఎవరికిరా?" జారెట్ అరిచాడు.

"డేన్‌కి."

"వాడికా! ఒరేయ్ వద్దురా!"

డేన్ అంటే నది అవతలి కాలేజీలో బంతి విసిరేవాడు. పోయిన అక్టోబరులో వీళ్ళని చిత్తుచిత్తుగా ఓడించి, వీళ్ళ మైదానం మధ్యలోనే చిందులేసిపోయిన ఘనుడు. ఈ కాలేజీలో అతని పేరెత్తితే కాఫీ కూడా చేదెక్కుతుంది.

అతను వచ్చేలోపు లయల్ భార్య మార్లిస్ పొయ్యి మీదనుంచి దించిన చిస్లిక్ తెచ్చి పెట్టింది. పుల్లలకి గుచ్చి నూనెలో వేయించిన ఆ మాంసం ముక్కలు వేడివేడిగా నములుతుంటే ఆర్విడ్ చిరాకు సగం దిగింది. జారెట్ ముట్టుకోలేదు, మూతి ముడుచుకుని కూర్చున్నాడు. వెస్లీ మాత్రం ఇద్దరి వాటా తిన్నాడు.

డేన్ బండి దిగేసరికి మోకాళ్ళదాకా పేడ. అతని వెంటే పశువుల కొట్టం వాసనా దిగింది.

"ఆవులు ఈనుతున్నాయిరా బాబూ, రాత్రినుంచి నిద్రలేదు. ఏంటి, నన్ను మరిచిపోలేకపోతున్నారా?"

"నీ మొహం చూడ్డానికి కాదు పిలిచింది, నీ చెయ్యి కోసం," అన్నాడు వెస్లీ. "మొహం బండిలో వదిలేసి రా."

"మీ వాడు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోలేదు." వెస్లీ జారెట్ వైపు తిరిగాడు. "చూడరా. వచ్చే నెలనుంచి నేను మా మామయ్య విత్తనాల కొట్లో కూర్చుంటాను. నాకు బాగుంటుంది, నాకిష్టం కూడా. కానీ రోజూ అక్కడ కూర్చుని, నావల్ల నువ్వు ఇక్కడే ఉండిపోయావని అనుకోవాలా? ఆ శిక్ష నాకెందుకురా? లే."

జారెట్ లేచాడు. ఇష్టంగా కాదు.

డేన్ విసిరాడు. బంతి గాలిని చీల్చుకుంటూ పోయింది. జారెట్ అలవాటు ప్రకారం సగం దాటాక తల తిప్పాడు, నెమ్మదించాడు. బంతి అతని నెత్తిమీదుగా దాటి ఎక్కడో దూరాన పడింది. రెండోసారీ అంతే. డేన్ నోరు మూసుకోలేదు: "మీ వాడికి చలికి కాళ్ళు బిగుసుకుపోయాయా?"

తను కనిపెట్టాననుకున్నదంతా ఒట్టిదేనా? రొవీనాయే గెలిచిందా? పెట్రోలు దండగేనా? స్టాప్‌వాచ్ జేబులో పెట్టేయబోయాడు.

అప్పుడు వెస్లీ గొంతు చించుకుని అరిచాడు.

"ఒరేయ్ జారెట్! విసిరేది నేను కాదురా! ఎవరికోసం ఆగుతున్నావ్? నాకోసం ఆగకు! పో!"

మూడోసారి జారెట్ తల తిప్పలేదు. దుమ్ము రేగేలా పోయాడు. మైదానం చివరి గీత దగ్గరపడుతుంటే చేతులు చాచాడు, బంతి వచ్చి వాటిలో కూర్చుంది. ఆగలేక కంచెదాకా పోయి, దాన్ని పట్టుకుని వేలాడాడు. అవతల మోళ్ళు మిగిలిన మొక్కజొన్న చేలో కాకులు లేచిపోయాయి. లయల్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. డేన్ అంతటివాడూ ఈల వేశాడు.

ఆ తర్వాత ఒక్కటి వదలలేదు జారెట్. ఎడమవైపు, కుడివైపు, నేరుగా, ఎటు విసిరినా బంతికంటే ముందే అక్కడున్నాడు.

ఆర్విడ్ సంతోషించాడు. కానీ బల్ల దాకా రాలేదు. వేగమున్నవాళ్ళు ప్రతి కాలేజీలోనూ దొరుకుతారు. ఒక్కడికోసం మిగతావాళ్ళందరినీ వదులుకోవాలంటే ఇంకేదో కావాలి. అదేమిటో తనకే తెలియదు.

"ఇక చాలు," అన్నాడు.

"ఒక్కటి సార్," అన్నాడు జారెట్ రొప్పుతూ. "ఆఖరిది వెస్లీ విసరాలి."

వెస్లీ వద్దన్నాడు, జారెట్ వినలేదు. సరేనని వెస్లీ ఒంట్లో బలమంతా కూడగట్టుకుని విసిరాడు. సరిగ్గా అప్పుడే ఉత్తరపు గాలి విరుచుకుపడింది. బంతి ముక్కు వంకరపోయి, తడబడి, ఎంతో వెనకాల కూలబోయింది. అంత చెత్త బంతి ఆర్విడ్ ఎక్కడా చూడలేదు. జారెట్ మాత్రం ఆ బంతి వెస్లీ వేళ్ళని వదులుతుండగానే దాని జాతకం చదివేశాడు. నిలువునా ఆగి, వెనక్కి తిరిగి, రెండంగల్లో వచ్చి నేలమీదకి దూకాడు. గడ్డికీ బంతికీ మధ్య అరచేతులు దూర్చి ఎత్తుకున్నాడు. పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, లేచి మళ్ళీ పరిగెత్తాడు.

వెస్లీ చేతుల్లో మొహం దాచుకుని, "క్షమించండి సార్, పాడుచేశాను," అన్నాడు.

"పాడుచేశావా?" ఆర్విడ్ అతని భుజం పట్టుకున్నాడు. "మా దగ్గర బంతి విసిరేవాడి మీద కొండల్లాంటి మనుషులు పడుతుంటారు తెలుసా? కాలు కదలదు, చెయ్యి లేవదు, బంతి ఎటుపోతుందో వాడికే తెలీదు. డేన్ విసిరిన బంతుల్లాంటివి ఎవడైనా పట్టేస్తాడు. నువ్వు విసిరిన బంతిలాంటివాటికోసం వెనక్కి వచ్చేవాడు ఎక్కడ దొరుకుతాడు? వాడికి అది నేర్పింది నువ్వే."

వెస్లీ కళ్ళు తుడుచుకున్నాడు, గాలివల్ల అన్నాడు. అవును, గాలి గట్టిగానే ఉంది. దూరంనుంచి జారెట్ బంతి ఊపుతూ, "చూశావట్రా?" అని అరుస్తున్నాడు.

ఆర్విడ్ తన బండి దగ్గరికి నడిచి రొవీనాకి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఆ ఆయాసం కుర్రాడు ఎలా ఉన్నాడు?"

"ఆయాసం కాదు. ఆగుతున్నాడు."

"రెండింటికీ తేడా ఏంటి?"

"వచ్చాక చెబుతాను. తీసుకోవాల్సిందే రొవీనా."

"అలా అందరూ అంటారు. ఏప్రిల్లో గదిలో కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాంలే."

ఆర్విడ్ చెయ్యెత్తి బండి ముందు రేకు మీద ధడేలుమని ఒక్కటి వేశాడు. సొట్ట పడింది. అరచెయ్యి చుర్రుమంది. ఆ చప్పుడుకి మైదానంలో కుర్రాళ్ళు ముగ్గురూ తిరిగి చూశారు.

"ఏంటా చప్పుడు?" అంది రొవీనా.

"బల్ల గుద్దాను."

"అక్కడ బల్ల ఎక్కడిది?"

"లేదు," అన్నాడు ఆర్విడ్ చెయ్యి విదిలించుకుంటూ. "ఏప్రిల్ దాకా ఆగలేక బండి మీదే కానిచ్చేశాను."