ఏడు హక్కుల మస్తానయ్య

వ్యాపారం మొదలుపెట్టిన రోజు నాకున్నవి పాత రాయికోత మిషను ఒకటి, మస్తానయ్య తన పొలం గట్టున ఊరికే ఇచ్చిన జాగా, అతని నోట 'బావా' అనే పిలుపు. మార్కాపురం నుంచి పలకరాయి తెచ్చి, నేలకు పరిచే బండలుగా కోసి అమ్మేవాణ్ణి. మాకు చుట్టరికం లేదు. ఆ పిలుపే చుట్టరికం.

మధ్యాహ్నం షెడ్డులో టీ తాగుతూ వాదించుకునేవాళ్లం.

"రాజ్యాంగమంటే హద్దురాయి బావా. వచ్చినోడల్లా జరిపితే ఇంక హద్దేముంది?" అనేవాడు.

"జరపకపోతే మీ చెల్లెలు సర్పంచి కుర్చీలో కూచునేదా? సవరణ చేసినంకనే గదా ఆడోళ్లకు సీట్లు!"

సర్పంచి నా భార్య స్వర్ణలత.

"చెల్లెలి కుర్చీ ఉండనీ. నా ఏడు హక్కులు నాకుంటే చాలు."

ఎనిమిదో తరగతితో అతని చదువు ఆగింది. అప్పుడు బట్టీపట్టిన ఏడు ప్రాథమిక హక్కులు అరవై దాటినా నోటికి వచ్చు.

రిజర్వాయరు కింద ఊరూ పొలాలూ పోతాయని నోటీసు వచ్చింది. ఊరంతా పరిహారం గురించి అడుగుతుంటే మస్తానయ్య నిశ్చింతగా కంది విత్తాడు. ప్లీడరు దగ్గరికి పోదామన్నాను.

"పుస్తకంలో ఉండేదానికి ప్లీడరెందుకు బావా?"

గ్రామసభలో లేచి, బళ్లో అప్పజెప్పినట్టే సమానత్వం నుంచి మొదలుపెట్టాడు. "ఆరోది ఆస్తి హక్కు. నా చేను నేను ఇయ్యను" అన్నాడు.

భూసేకరణకు వచ్చిన అధికారి కుర్రవాడు. మర్యాదగానే చెప్పాడు. "పెద్దాయనా, డెబ్బై ఎనిమిదిలో సవరణ చేసి దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు. ఇప్పుడవి ఆరే. చట్టప్రకారం పరిహారమిచ్చి భూమి తీసుకోవచ్చు."

"మస్తానన్న ఎనిమిదో తరగతి ఇంకా పాస్ కాలే!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. సభంతా నవ్వింది.

మస్తానయ్య స్వర్ణలత వైపు తిరిగాడు. "నిజమేనామ్మా?"

"నిజమేన్నా" అంది ఆమె, తలెత్తకుండా.

"నాకొక మాట చెప్పకనే జరిపినారే" అని కూర్చున్నాడు. భూములు ఇస్తామన్న తీర్మానం మీద స్వర్ణలత సంతకం చేసింది.

కంది పూత మీదుండగా చేలోకి మిషన్లు దిగాయి. మరుసటి వానలకు నీళ్లు నిండి గట్టు కూడా కనపడలేదు.

ఊరిని రోడ్డు పక్క కాలనీకి మార్చారు. నేనూ షెడ్డు అక్కడే వేశాను. కట్టే ప్రతి ఇంటికీ బండలు కావాలి. బేరం ఆగలేదు.

ఒకరోజు మస్తానయ్య వచ్చాడు. "నాలుగు హద్దురాళ్లు కోసియ్యి."

"ప్లాట్లకు వాళ్లే గుర్తులు పెట్టినారు గదా. మళ్లీ ఎందుకు?"

"నా చేత్తో నాటింది ఒకటన్నా ఉండాల."

కోసి ఆటోలో పెట్టించాను. డబ్బు వద్దన్నాను.

"తీసుకో షావుకారూ" అని, నోట్లు బల్ల మీద పెట్టి పోయాడు.

ఇప్పుడు షెడ్డు నా సొంతం. మిషన్లు మూడయ్యాయి. స్వర్ణలత కుర్చీ ఉంది. వాదనలో గెలిచిందీ నేనే. మధ్యాహ్నం టీ మాత్రం ఒక్కటే చెబుతున్నాను.