చిటికెన వేలి ఔన్సు

పాప ఏడుపు ఆపేదాకా ఆయా త్రాసు ముల్లు వైపు చూడలేదు. కాళ్ళు తన్నుకునే బిడ్డ తూకాన్ని ఎవరు నమ్ముతారు? చివరికి పాప సర్దుకుంది. ముల్లు నాలుగు పౌండ్ల పన్నెండు ఔన్సుల దగ్గర నిలిచింది.

రిజిస్టరులో మాత్రం మొత్తం ఔన్సుల్లోనే రాయాలి. అప్పుడే బిడ్డ రోజుకెంత ఒళ్ళు చేసిందో కంటికి ఆనుతుందని డాక్టరమ్మ పట్టుదల. పౌండుకు పదహారు ఔన్సులు. ఆయాకు ఎక్కాలు రావు, ఉన్నదల్లా కుడిచెయ్యి. ఒక్కో వేలికి మూడు కణుపులు, ఒక కొస. నాలుగు వేళ్ళకూ పదహారు. కాకపోతే ఉద్యోగంలో చేరిన మొదటి వారమే వార్డు ఇనుప తలుపు ఆమె చిటికెన వేలి కొసను మింగేసింది. అప్పటినుంచీ ఆమె చెయ్యి పదిహేనే. ఆ లోటుకు చెయ్యి పూర్తయినప్పుడల్లా బల్ల మీద టక్కుమని ఒకసారి కొడుతుంది. ముప్పై రెండేళ్ళ టక్కులకు బల్ల అంచున రంగు పోయి, బొత్తామంత గుంట పడింది. పిల్లలున్నారా అని ఎవరైనా అడిగితే, "వార్డు నిండా ఉన్నారుగా" అని నవ్వేసేది.

ఇవాళ ఆమెకు చివరి రోజు. సాయంత్రం బస్సుకు చెల్లెలి ఊరు వెళ్ళిపోతుంది. దిగులల్లా ఈ పాప గురించే. నెలలు నిండకుండా పుట్టింది, ఎనభై ఔన్సులు తూగితే గానీ ఇంటికి పంపరు. ఆ అంకె తన చేత్తో రాసి వెళ్ళాలని ఆయా ఆశ.

"ఎనభై!" అని అరిచింది పాప తల్లి. అప్పటికే సంచి సర్దేసుకుంది. "నేనూ లెక్కపెట్టాను ఆయమ్మా, అచ్చం మీలాగే."

"ఏదీ, మళ్ళీ పెట్టు."

తల్లి వేళ్ళ మీద బొటనవేలు నడిపించింది. పదహారు. టక్. పదిహేడు.

ఆయాకు నవ్వు తన్నుకొచ్చింది. ఇరవై ఆరు రోజులుగా చూసి చూసి, ఈ పిచ్చిపిల్ల టక్కుతో సహా నేర్చేసుకుంది. నాలుగు చేతులకు నాలుగు టక్కులు ఎక్కువ.

"ఆ టక్కు నా తెగిన వేలిది, తల్లీ. నీ వేళ్ళు నిక్షేపంగా ఉన్నాయిగా. డెబ్భై ఆరే."

తల్లి మొహం వాడిపోయింది. "ఎనభై అని రాసేయండి ఆయమ్మా. రేపట్నించి మీరుండరు. నాలుగే కదా, ఎవరడుగుతారు?"

నిజమే, ఎవరూ అడగరు. ఆయాకు రాసేయాలనే ఉంది. పెన్ను తీసి రిజిస్టరు మీదికి వంగింది. పాప పాదం ఆమె మణికట్టుకు తగిలింది. దుప్పట్లోంచి తీసి ఎంతోసేపు కాలేదు, అప్పుడే చల్లబడిపోయింది.

"ఇంకా చలికి ఆగలేదమ్మా ఇది. ఆ నాలుగూ నేను రాస్తే రావు. దాన్నే తెచ్చుకోనీ" అని, డెబ్భై ఆరు రాసింది.

సాయంత్రం పనిబట్టలు మడిచి అలమరలో పెట్టింది. పాప బుగ్గ తాకి, బస్సుకు టైమైందని బయల్దేరింది. వెనక్కి చూస్తే ఏడుపొస్తుందని చూడలేదు.

ఐదో రోజున, కొత్త నర్సు క్యాలిక్యులేటరు కోసం సొరుగులు వెతుకుతుంటే, తల్లే వేళ్ళ మీద లెక్కపెట్టేసింది. ముల్లు సరిగ్గా ఐదు పౌండ్ల మీదుంది. ఐదు చేతులు, ఎనభై. ఈసారి టక్కులు లేవు. నర్సు అంకె వేశాక, తల్లి పాపను భుజానికెత్తుకుని గుమ్మందాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కొచ్చి, బల్ల అంచున ఒకే ఒక్కసారి టక్కుమని కొట్టి వెళ్ళిపోయింది.

ఖాళీ త్రాసు పక్కన, రంగు పోయిన ఆ బొత్తామంత గుంట.