సున్నపు బట్టీలో కట్టిన చిక్కం

నేను ఒక చిక్కాన్ని. కళ్లంలో తిరిగే ఎడ్లు గింజలకు ఆశపడకుండా వాటి మూతికి కట్టే తాళ్ల బుట్టని మా వైపు చిక్కం అంటారు. నన్ను మాత్రం మనిషి మూతికి సరిపడా చేశారు. గేదెతోలు పట్టీలు, వాటిని కలిపి పట్టుకున్న నాలుగు ఇనప మేకులు, తల వెనక బిగించే ఒక బకిలు. నా ఒళ్లంతా ఇంతే. నన్ను దేవుడి పనిముట్టు అన్నారు, సైతాను ముద్ర అన్నారు, రాజ్యం పిడికిలి అన్నారు. నేను ఎవరి మూతికి కట్టి ఉన్నానో ఆ మనిషి ఏమనుకుందో మాత్రం ఎవరూ అడగలేదు. అడగకుండానే ఆమె ఒకరోజు చెప్పింది. అప్పుడేమైందో కూడా చెబుతాను.

నన్ను కుట్టింది తెనాలి స్టేషన్ ఎదుట చెప్పులు కుట్టే ఆశీర్వాదం. 'మూగపట్నం' అనే సినిమాకి దుస్తులు చూసే వీరయ్య, కాగితం మీద గీసిన బొమ్మ ఒకటి తెచ్చి అతని ముందు పెట్టాడు. ఆశీర్వాదం కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏందండీ ఇది, కుక్కకా?"

"మనిషికయ్యా. సినిమాలో."

"ఆడమనిషికా, మగమనిషికా?"

"నీకెందుకు? కుట్టమన్నది కుట్టు."

"దవడ తేడా ఉంటదండీ" అన్నాడు ఆశీర్వాదం.

రెండు రోజులు కూర్చుని కుట్టాడు. మేకుల మొనలు లోపలివైపు మడిచి, వాటి మీద మెత్తటి గొర్రెతోలు పరిచి చుట్టూ సన్నటి కుట్టు వేశాడు. బకిలుకి మూడు బెజ్జాలు పెట్టాడు. నన్ను వీరయ్య చేతిలో పెడుతూ, "మూడో బెజ్జం దాటి బిగించమాకండి. దాటితే మేకు లోనకి దిగుద్ది" అన్నాడు. ఆ మాట వీరయ్య షూటింగులో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చెప్పలేదని అతన్ని అనడానికి లేదు.

సినిమా తీసే ముక్తేవి చిదంబరం మద్రాసులో పేరున్నవాడు. ఆయన బొమ్మలు జనం చూడరు, పత్రికలవాళ్లు చూస్తారు. ఈ కథలో ఒక ఊరుంది. పొద్దున సైరన్ కూయగానే ఊరంతా మూతులకి చిక్కాలు కట్టుకోవాలి. పొద్దుగూకి తలుపులు మూసుకున్నాకే విప్పాలి. ఊరి నడుమ ఒక బురుజు, బురుజు మీద లౌడ్‌స్పీకరు. దాంట్లోంచి 'పెద్ద' అనేవాడొక్కడే మాట్లాడుతుంటాడు. ఆ పెద్ద దేవుడో, రాజో, అసలు ఉన్నాడో లేడో సినిమాలో చెప్పరు. బురుజు మీద జెండా లేదు, గుర్తు లేదు. చివర్లో గంజి కోసం వరసలో నిలబడ్డ ఒక తల్లి చిక్కం పీకి పారేసి, చచ్చిపోయిన బిడ్డ పేరు గొంతెత్తి పిలుస్తుంది. అక్కడితో తెర తెల్లబడిపోతుంది.

ఆ తల్లి వేషానికి చిదంబరం ఏరి తెచ్చుకున్న మనిషి తిరుపతమ్మ. పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు కట్టేది. మైకులు లేని రోజుల్లో నేర్చిన గొంతు. ఆమె పద్యం ఎత్తుకుంటే పందిరి అవతల పడుకున్న బండి ఎడ్లు కూడా చెవులు రిక్కించేవని వీరయ్య అంటుండేవాడు. అప్పటికి ఆమెకి ముప్పై ఎనిమిదేళ్లు. సినిమా ఇదే మొదలు.

పిడుగురాళ్ల దగ్గర పాడుబడ్డ సున్నపు బట్టీల్లో షూటింగు. మే నెల. నేల తెలుపు, గోడలు తెలుపు, గాలి తెలుపు. మిగతా ఊరి జనానికి గుడ్డతో చేసి రంగు పూసిన చిక్కాలు ఇచ్చారు. కెమెరా దగ్గరగా చూసేది తిరుపతమ్మ ముఖమొక్కటే కాబట్టి తోలు చిక్కం ఆమెకి ఒక్కదానికే వచ్చింది. మొదటిరోజు నేను ఆమెని బాధ పెట్టలేదు. ఆశీర్వాదం పరిచిన మెత్త చెమటని పీల్చుకుంటూ చెంపకి ఆనుకుని ఉంది.

రెండోరోజు చిదంబరం నన్ను చేతిలోకి తీసుకుని లోపల వేలు పెట్టి చూశాడు. "ఇదేమిటయ్యా, పరుపా? మొహం ఉబ్బినట్టు కనిపిస్తోంది. ఇది హింస. హింసకి దిండు వేస్తారా?" అని బ్లేడుతో కుట్లు తెంపి గొర్రెతోలు లాగేశాడు. అది సున్నంలో పడింది. సాయంత్రానికి ఎవరో దానితో ట్రాలీ పట్టాలు తుడిచారు.

నాలుగోరోజు మూడు బెజ్జాలూ చాలలేదు. పట్టీ చెంపలోకి దిగినట్టు కనపడాలన్నాడు. వీరయ్య, "సార్, తెనాలాయన దాటొద్దన్నాడు" అన్నాడు. "తెనాలాయన డైరెక్టరా?" అని అడిగాడు చిదంబరం. అందరూ నవ్వారు. ఎర్రగా కాల్చిన శీలతో ఆయనే స్వయంగా నాకు నాలుగో బెజ్జం పెట్టాడు. అప్పుడు వచ్చిన కాలిన తోలు వాసన నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

కుడివైపు పై మేకు మడత విప్పుకుంది. దాని మొన తిరుపతమ్మ చెవి ముందు, దవడ కీలు మీద ఆనింది. నన్ను కట్టుకున్నాక మాట్లాడే వీలు లేదు కాబట్టి ఆమె చెయ్యెత్తి సైగ చేసింది. మళ్లీ చేసింది. "బాగుంది, ఆ చెయ్యి అలాగే ఉంచు" అన్నాడు చిదంబరం కెమెరా వెనకనుంచి. ఆ సైగ సినిమాలో ఉంది. దాని మీద తర్వాత ఒకాయన నాలుగు పేజీలు రాశాడు.

మధ్యాహ్నం వీరయ్య పరుగెత్తి వచ్చాడు. "సార్, రక్తం వస్తాంది."

చిదంబరం కెమెరా మనిషి వైపు తిరిగాడు. "కనపడుతోందా?"

"చెమటలాగే ఉంది సార్."

"నలుపు తెలుపు బొమ్మ వీరయ్యా. ఎరుపు ఎవడికి తెలుస్తుంది? కానివ్వు."

నేను బిగించలేదు, నన్ను ఎవరో బిగించారు అని చెప్పుకోవచ్చు. బిగింపు పనిలో ఉన్నవాళ్లంతా అలాగే చెప్పుకుంటారు. కానీ ఆమె చర్మం కిందికి దిగింది నా మేకే. దవడ ఎముక తగిలినప్పుడు తెలిసింది నాకే.

ఆరోరోజు ఆఖరి సన్నివేశం. ముందురోజు రాత్రంతా జ్వరంతో మూలిగి వచ్చింది ఆమె. కుడి చెంప వాచి గట్టిపడింది. వరసలో నిలబెట్టారు. సైరన్ కూసింది. ఆమె నన్ను పీకి నేల మీదికి విసిరింది. బిడ్డ పేరు పిలవాలి. నోరు తెరిచింది. వేలెడు తెరుచుకుని ఆగిపోయింది. దవడ బిగుసుకుపోయింది. కళ్లు పెద్దవయ్యాయి, మెడ నరాలు తేలాయి, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్లనుంచి నీళ్లు ధారగా కారాయి. సున్నంలో వెల్లకిలా పడి నేనదంతా చూశాను.

చిదంబరం కట్ చెప్పలేదు. ఫిల్ము అయిపోయేదాకా తిప్పించాడు. తర్వాత వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా, నేను రాసినదానికంటే గొప్పది చేశావు. మాట లేదు! మౌనం!" అన్నాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఆ కన్నీళ్లు దొంగవి కావు. అదే తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

కీలులో చీము పట్టింది. నరసరావుపేటలో డాక్టరు కోసి తీశాడు. పుండు మానింది గానీ నోరు మాత్రం ఆ వేలెడు దగ్గరే ఉండిపోయింది. ఆ యేడు దసరాకి ఆమె మళ్లీ రంగం ఎక్కిందట. హార్మోనియం శ్రుతి ఇస్తే పద్యం నమిలినట్టు వచ్చిందట. జనం ఈలలు వేశారు. కాంట్రాక్టరు పద్యాల్లేని చెలికత్తె వేషం ఇచ్చి చూశాడు, తర్వాత పిలవడం మానేశాడు. ఈ సంగతి తర్వాత ఒక సభకి నన్ను తెచ్చిన వీరయ్యతో ఆమె చెబుతుంటే విన్నాను. చెబుతున్నప్పుడు ఆమె ఏడవలేదు. మెత్తగా పిసికిన ఇడ్లీ కొంచెం కొంచెంగా పళ్ల సందులోంచి తోసుకుంటూ తింటోంది.

సినిమాకి పెద్ద బహుమతి వచ్చింది. ఇక దాని అర్థం కోసం వేట మొదలైంది. మౌనానంద స్వామి ఆశ్రమంవాళ్లు దీన్ని వాక్తపస్సు అన్నారు. బురుజు మేరుశిఖరమట, లౌడ్‌స్పీకరు వేదమట. చివర్లో ఆ తల్లి నోట వచ్చేది చెవికి అందని ఓంకారమట. ఇమ్మానుయేలు పాస్టరుగారు బురుజుని అంత్యదినాల మృగం అన్నారు, నేను ఆ మృగం వేసే ముద్రని. పార్టీ నాయకుడు రామకోటేశ్వరరావు మాత్రం నన్ను రెండుసార్లు అర్థం చేసుకున్నాడు. ఎన్నికల ముందు బురుజు అంటే సర్కారు అన్నాడు. గెలిచి సర్కారులో చేరాక, ప్రజల నోరు నొక్కింది వెనకటి పాలకులని సినిమాలో స్పష్టంగా ఉందన్నాడు.

ఎవరు సభ పెట్టినా తిరుపతమ్మకి కబురు వచ్చేది. చిక్కం కట్టుకుని వేదిక మీద నిలబడాలి. నన్ను చిదంబరం తన గది గోడకి తగిలించుకున్నాడు. అడిగినప్పుడల్లా మనిషితో పంపేవాడు. ఆమె వచ్చేది. మరో వేషం ఎవరూ ఇవ్వలేదు. పైగా, ఏదో ఒక సభలో తనని కూడా రెండు మాటలు చెప్పమంటారని ఆశ. "నువ్వు మాట్లాడితే సినిమా చచ్చిపోతుందమ్మా, నీ మౌనమే సినిమా" అని చిదంబరం ముందే చెప్పి ఉంచాడు. ఆ సభల్లో నన్ను మొదటి బెజ్జంలోనే పెట్టేవాళ్లు. అదొక్కటే దయ.

గుంటూరు టౌన్‌హాల్లో ఒక ఆదివారం ముగ్గురినీ ఒకే వేదిక ఎక్కించారు. 'మూగపట్నం: మతమా, రాజకీయమా?' అని బ్యానరు కట్టారు. అధ్యక్షుడు పురుషోత్తం, రిటైరైన తెలుగు లెక్చరరు. చిదంబరం ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చున్నాడు. తిరుపతమ్మని నన్ను కట్టి వేదిక పక్కన బల్ల మీద నిలబెట్టారు. రెండు గంటలు మాట్లాడారు. ఆశ్రమం తరఫున వచ్చిన శిష్యుడు ఒక్కడే గంట తిన్నాడు. ఆమె కన్నీళ్లు ఆనందబాష్పాలని అతను, పశ్చాత్తాపమని పాస్టరుగారు తగువు పడ్డారు. శ్రామికురాలి ఆగ్రహమని నాయకుడు బల్ల గుద్దాడు. ఆ గుద్దుకి ఆమె నిలబడ్డ బల్ల ఊగింది.

అప్పుడు ఆమె చేతులు వెనక్కి పెట్టి బకిలు విప్పింది. బల్ల దిగి మైకు దగ్గరికి నడిచింది. నేను ఆమె చేతిలో వేలాడుతున్నాను.

"నేను ఓంకారం అనలా అయ్యా" అంది. వేలెడు సందులోంచి మాట నలిగి వచ్చింది, అయినా అందరికీ అర్థమైంది. "ప్రార్థనా చెయ్యలా. నినాదవూ ఇయ్యలా. మేకు గుచ్చుకుంటంది, ఇప్పండి అందామని నోరు తెరిచా. తెరుచుకోలా. అంతే. పద్యం పోయింది నాకు."

అందరికంటే ముందు తేరుకున్నవాడు పురుషోత్తం. ఆయన జనం వైపు తిరిగాడు. "విన్నారా! మేకు! ఎంత గొప్ప ప్రతీక!"

పాస్టరుగారు లేచి నిలబడ్డారు. "నా ప్రభువు చేతుల్లో దిగింది కూడా మేకే అమ్మా!" అహంకారమనే మేకు దిగందే ఆత్మ నోరు విప్పదని శిష్యుడు అందుకున్నాడు. మేకు చేసేవాడు కార్మికుడు కాదా అని నాయకుడు అడుగుతుండగా మైకు కీచుమంది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. వెనక వరసల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

ఆమె ఆ చప్పట్ల మధ్య నిలబడి ముందు వరస వైపు చూసింది. జరిగింది తెలిసినవాడు ఆ హాల్లో ఒక్కడున్నాడు. చిదంబరం కూడా చప్పట్లు కొడుతున్నాడు.

పత్రికవాడు కెమెరాతో వేదిక ఎక్కాడు. "అమ్మా, ఒక్కసారి మళ్లీ కట్టుకోండి, ఫోటోకి."

ఆమె మెట్లు దిగి చిదంబరం దగ్గరికి వెళ్లింది. నన్ను ఆయన ఒళ్లో పెట్టింది. "తవరు కట్టుకోండి. ఒక్క నిమిషం. నాలుగో బెజ్జంలో."

ఆయన నన్ను రెండు వేళ్లతో పట్టుకుని ముఖం పక్కన పెట్టి చిరునవ్వు నవ్వాడు. ఫ్లాష్ వెలిగింది. కట్టుకోలేదు. ఆమె అలాగే నిలబడి ఉంది. ఇంకాసేపు నిలబడితే ఏం జరిగేదో తెలియదు, ఈలోగా టీ వచ్చింది. జనం గ్లాసుల వైపు కదిలారు. ఆమె ఆ గుంపులోంచి దారి చేసుకుని బయటికి వెళ్లిపోయింది. మరి ఏ సభకీ రాలేదు.

ఏళ్లు గడిచాయి. చిదంబరం సన్మానాలు పొంది, తన సామానంతా హైదరాబాదులో ఒక సినిమా మ్యూజియానికి ఇచ్చాడు. నన్ను అద్దాల పెట్టెలో పెట్టారు. కింద అట్ట మీద ఇలా రాశారు: 'మౌనమే ప్రతిఘటన. మూగపట్నం చివరి సన్నివేశంలో నటి స్వచ్ఛందంగా ధరించిన చిక్కం.' ఆమె పేరు రాయలేదు. విద్యార్థులు వచ్చి నోటుపుస్తకాల్లో రాసుకుని పోతుంటారు. సైద్ధాంతికమైన మాటలు నాకిప్పుడు బాగా అలవాటయ్యాయి.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఒక ముసలమ్మ వచ్చింది. తల ముగ్గుబుట్ట. కొంగు కుడి చెంప మీదికి లాక్కుని ఉంది. నా పెట్టె ముందు ఆగి, అట్ట మీది రాతని వేలితో ఒక్కొక్క అక్షరమే చదివింది. 'స్వచ్ఛందంగా' దగ్గర వేలు చాలాసేపు ఆగింది. కాపలా మల్లేశం స్టూలు మీంచి కేకేశాడు.

"అద్దం ముట్టకమ్మా."

ఆమె చెయ్యి తీసేసింది. "ఇదేంది నాయనా?"

మల్లేశం ఆ సినిమా చూడలేదు, అట్టా చదవలేదు. ఒకసారి నా వైపు చూశాడు. "గదా? ఏందో సినిమాల ఎద్దు మూతికి కట్టిన్రంట."

"ఎద్దుకేనా?"

"మరి మనిషికెవలు గడ్తరమ్మా?"

ఆమె నవ్వింది. నన్ను కట్టుకున్న మనిషి నవ్వడం నేను చూడటం అదే మొదలు. దవడ ఎంత ఒప్పుకుంటే అంత నవ్వింది, భుజాలు కదిలేలా నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, మంచినీళ్లు ఎక్కడని అడిగింది. మల్లేశం గోడవార కుళాయి చూపించాడు.

ఆమె గ్లాసు పెదవులకి ఆనించి, తల కొంచెం ఎడమకి వంచి తాగింది. సగం నీళ్లు లోపలికి వెళ్లాయి. మిగతా సగం గడ్డం మీదుగా కారి చీర తడిపాయి. చెయ్యి తిరిగిన అలవాటుతో కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత మళ్లీ గ్లాసు నింపుకుంది.