ఆరని పూలు

ఆనందమ్మ కాలి బొటనవేలి పుండు గురించి డాక్టరు కోడలికే చెప్పాడు. షుగరు మనిషికి నొప్పి తెలియదు, ముక్కునే నమ్ముకోవాలట. "వాసన వస్తే ఆ రోజే తీసుకురండి, ఆలస్యమైతే కాలు దక్కదు" అన్నాడు. కోమలి ఆ మాట కొంగున ముడేసుకుంది.

ఇంటికొచ్చి చేసిన మొదటి పని ఏమిటంటారా? అత్త గదిలో మందుల కంపు పోవాలని వాసన సంచులు కుట్టడం. అలిపిరి దారిలో వాళ్ల ఇల్లు. పెరట్లో దవనం, మరువం, నాటు గులాబీ ఉన్నాయి. రెక్కలు తుంచి, చాటలో పోసి, వారం రోజులు నీడన ఆరబెట్టేది. కల్లుప్పు, లవంగాలు, వట్టివేరు కలిపి జాడీలో మగ్గబెట్టేది. పాత నేతచీర గుడ్డలో మూటగట్టి మంచానికి వేలాడదీసేది. పదేళ్ల కాపురంలో కోడలి పులుసు బాగుందని ఒక్కనాడూ అనని ఆనందమ్మ, "మ్మే, ఇంకోటి కట్టు. గుళ్లో ఉన్నట్టుండాది" అంది. కోమలికి కడుపు నిండిపోయింది. మెచ్చుకోలుకు మొహం వాచిన మనిషి మరి, తప్పుపట్టడానికి మనమెవరం.

కార్తీకంలో ముసురు పట్టింది. ఆ రోజుల్లోనే ఆనందమ్మ "కట్టు నేనే కట్టుకుంటాలే, నీకు పని జాస్తి" అంటూ కాళ్ల మీదికి దుప్పటి లాక్కుంది. ఎంత మంచి అత్తో అనుకుంది పిచ్చిది.

శుక్రవారం గదిలో అడుగుపెడితే తియ్యటి కుళ్లు వాసన. కోమలికి డాక్టరు మాట గుర్తొచ్చింది.

"అత్తా, ఏందో వాసన వస్తాండాది. కాలు సూపీ."

"కాలికేమి? నీ పూలే. తడి ఆరకముందే కట్టినావు, బూజు పట్టినాయి."

మూట విప్పితే నిజంగానే రెక్కలు నల్లబడి జిగటగా ఉన్నాయి. కోమలి సిగ్గుతో చచ్చిపోయింది. కాలి సంగతి మళ్లీ ఎత్తలేదు. పాతవి పారేసి, కొత్త రెక్కలు పెనం మీద వెచ్చబెట్టి, లవంగం రెట్టింపు వేసి ఎనిమిది సంచులు కట్టింది. గది ఘుమఘుమలాడింది.

మంగళవారం ఆనందమ్మకు చలిజ్వరం వచ్చింది. కొడుకు మురుగేష్ దుప్పటి తీసి చూసి గోడ పట్టుకున్నాడు. పాదం చీలమండ దాకా నల్లబడింది.

ఆస్పత్రిలో డాక్టరు మోకాలి పైదాకా తీసేయాలన్నాడు. ప్రాణానికి హామీ లేదన్నాడు. వాసన ఎప్పటినుంచని అడిగాడు.

"శుక్రవారం నుంచి" అంది కోమలి.

మురుగేష్ గిరుక్కున తిరిగాడు. "తెలిసీ ఊరకుండినావా?"

"పూలు కుళ్లినాయనుకున్నా. అత్త గూడా అదే చెప్పింది."

"ఏమ్మా, నిజమేనా?"

కాలు తీసేస్తారన్న భయంతో దాచానని ఆనందమ్మ ఒక్క మాట అంటే చాలు.

"నాకేం తెలుసు నాయనా. కట్టు కట్టేది ఆ పిల్లే గదా."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. కోమలికి ఒళ్లు మండింది, నోరు తెరవబోయింది. అంతలో దుప్పటి కిందినుంచి ముసలి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. పోయేముందు కొడుకు చేత తిట్టించుకోకూడదని ఆ ముసలిదాని ఆశ. కోమలికి అసహ్యమూ వేసింది, జాలీ వేసింది.

"నాదే తప్పు" అంది.

మురుగేష్ ఆమె మొహం చూడకుండా కాగితాల మీద సంతకం పెట్టాడు. ఆనందమ్మ లోపలికి తీసుకుపోయేదాకా ఆ మణికట్టు వదల్లేదు. ప్రాణంతో బయటికి రాలేదు. ఇక కోమలి ఏం చెప్పినా నమ్మేవాళ్లు ఆ ఇంట్లో లేరు.