కేను నీళ్ళు

మా ఇంట్లో ఆరోగ్యం అలారం కొట్టుకుంటూ వస్తుంది. ఫోను మా ఆయన ఎజ్రాది, అలారం పెట్టింది మా అమ్మాయి షాలిని, అది మోగగానే లేచేది మాత్రం నేను. పొయ్యి దగ్గరున్నా, అప్పుడే కంచం ముందు కూర్చున్నా సరే, లేచి వెళ్ళి కేను కుళాయి తిప్పి, గ్లాసు నింపి ఎజ్రా చేతిలో పెట్టాలి. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపుతాడు. గ్లాసు దానంతటదే వచ్చి వేళ్ళ మధ్య వాలుతుందని ఆయన నమ్మకం. ఏడాదిగా ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ వమ్ము చెయ్యలేదు.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట వినపడని ఇల్లు లేదు. మా మామగారు దానితోనే పోయారు. నీళ్ళవల్లో మరెందువల్లో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు గానీ, మా అత్త మాత్రం నీళ్ళవల్లేనని ఎప్పుడో తేల్చేసుకుంది. ఎజ్రాకీ రక్తంలో తేడా ఉందని డాక్టరు చెప్పిన సాయంత్రమే ఇంట్లోకి శుద్ధి చేసిన నీళ్ళ కేను వచ్చింది. దాని వెంట చట్టమూ వచ్చింది. "కేను నీళ్ళు నా కొడుక్కి, గుంట షాలినికి. మనిద్దరం బోరు నీళ్ళు తాగీసి బతికిన ఒళ్ళులం. మనకేటవుద్ది?" అంది. ఆవిడా ఈ రోజుకీ బోరు నీళ్ళే తాగుతుంది. తను కేను నీళ్ళు తాగి నన్ను మానమంటే పోట్లాడేదాన్ని. తనూ మానింది కాబట్టి నేనూ బోరు నీళ్ళే ముంచుకున్నాను.

ఎజ్రా మంచి అలవాట్లన్నీ నా చేతుల మీదుగానే నడుస్తాయి. ఆయనకి ఉప్పు లేని కూర వేరే గిన్నెలో వండాలి, వెల్లుల్లీ నిమ్మరసమూ పట్టించి దాన్ని నోటికి ఎక్కేలా చెయ్యాలి. ఎండుచేప వాసన తగిలితే ఆయనకి నోరూరుతుందని ఇంట్లో ఎండుచేప మానేశాం. మానేశాం అంటే నేను మానేశాను, నాకది ప్రాణం. పొద్దున్నే జీడితోటల వెంట నడిచొచ్చి ఆయన చెప్పులు దులిపితే, ఆ ఇసుక ఊడ్చేది నేను. ఒకనాడు మాత్ర వేసుకోవడం మర్చిపోయి, "నివ్వు గురుతు సెయ్యలేదేటి?" అన్నాడు. నిజంగానే తప్పు చేసినదానిలా తల దించుకున్నాను. అలవాటు ఆయనది, మరుపు మాత్రం నా ఖాతాలో పడుతుంది.

నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీది పొర తీస్తాను. నేల మీద వరసగా కూర్చుని, సాయంత్రం దాకా వంచిన నడుము ఎత్తకుండా తీస్తాం. వెనక ఒకే ఒక్క మరుగుదొడ్డి, దానికి తాళం, తాళంచెవి మేస్త్రీ జేబులో. అడిగితే అందరూ వినేలా, "ఇందాకే కదేటి ఎల్లొచ్చావు? అన్నేసి నీళ్ళు ఎవులు తాగమన్నారు?" అంటాడు. బస్తాలు మోసే మగవాళ్ళు నవ్వుతారు. అందుకని మా ఆడవాళ్ళం ఒక ఉపాయం నేర్చుకున్నాం. ఇల్లు వదిలాక మళ్ళీ ఇల్లు చేరేదాకా గొంతులో చుక్క పొయ్యం. ఇదీ అలవాటే. ఏ అలారమూ లేకుండా ఏళ్ళ తరబడి నిలిచింది. నడుము పీకినప్పుడు కిళ్ళీ కొట్లో నొప్పి బిళ్ళ కొనుక్కుని మింగుతాం, ఇంక సరి.

మధ్యాహ్నం అక్కణ్ణించే ఎజ్రాకి ఫోను చేస్తాను. "నీళ్ళు తాగినావా మావా?"

"తెచ్చియ్యడానికి ఎవులున్నారే ఇక్కడ?"

నా నాలుక అంగిట్లో అంటుకుపోయి ఉంటుంది. ఆ నాలుకతోనే నీళ్ళు తాగమని ఆయన్ని బతిమాలుతుంటాను.

మొన్న ఊళ్ళో రక్తపరీక్షలు పెడితే ఆయన్ని తీసుకెళ్ళాను. నర్సు ఇంద్రజ, "నివ్వూ సెయ్యి సాపప్పా" అంటే నవ్వులాటకి చాపాను. తర్వాత నన్నొక్కదాన్నే పక్కకి పిలిచింది. "మీ ఆయనకి రత్తంలో తేడా పెరగనేదు. నీకే ఎక్కువొచ్చింది. మీ ఫ్యాక్టరీ ఆడోళ్ళు మింగే నొప్పి బిళ్ళలు మానీసీ. నీళ్ళు బాగా తాగు, ఆపుకోవద్దు. ఇప్పుడు జాగర్త పడితే ఇక్కడితో ఆగుద్దేమో. నేకపోతే మీ మావగారి దారే" అంది. ఇంటికొచ్చి, "మావా, నాకూ రత్తం తీసినారు" అని మొదలుపెట్టాను. "నీకేటే, రాయిలాగున్నావు" అన్నాడు చెయ్యి చాపుతూ. గ్లాసు పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. భయమేసింది. షాలిని పదో తరగతి కూడా దాటలేదు. నాకు బతకాలని ఉంది, ఆ మాట ఎవరితో అనాలో తెలియలేదు.

ఈ ఆదివారం చర్చిలో ఎజ్రా సాక్ష్యం చెప్పాడు. "ఏడాదై ఉప్పు ముట్టనేదు. టైముకి నీళ్ళు, టైముకి మందు, పొద్దున్నే నడక. అలవాటు సేసుకుంటే ఏటీ కట్టం కాదు. అంతా దేవుని కృప" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు ఆయన. నేను అందులో లేను, అంతే. పాస్టరుగారు ఆడవాళ్ళ వైపు చూసి, "దోర్కాసమ్మా, నివ్వో మాట సెప్పు" అన్నారు. లేచాను. ఇంద్రజ చెప్పింది చెప్పేద్దామనుకున్నాను. చివరికి స్తోత్రం అని కూర్చున్నాను.

ఇంటికొచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నాడో లేదో అలారం మోగింది. నా కాళ్ళు లేచాయి, చెయ్యి కుళాయి తిప్పింది, గ్లాసు నిండింది. ఆయన చెయ్యి చాపాడు. నేను అక్కడే నిలబడి ఆ నీళ్ళు తాగేశాను. ఏడాదిగా మోసుకొస్తున్న నీళ్ళు తియ్యగా ఉంటాయని అప్పుడే తెలిసింది.

"ఒలే, అవి కేను నీళ్ళే" అంది అత్త గుమ్మంలోంచి.

"తెలుసత్తా. నాకూ కిడ్నీలున్నాయి. ఇంద్రజమ్మ సూసింది. మావ కన్నా నాకే ఎక్కువ పాడయినాయంట."

అత్త గడప మీద కూలబడింది. మామగారు పోయిన నాడు చూసిన భయమే ఆవిడ కళ్ళలో మళ్ళీ కనబడింది. నా కోసమే అనుకుని నా మనసు కరిగింది కూడా.

"మరి నా కొడుక్కెవులు సేత్తారే?" అంది.

ఎజ్రా చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రేపు ఫ్యాక్టరీకి సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళాలి, ఎవరు నవ్వినా మేస్త్రీని తాళంచెవి అడగాలి అనుకున్నాను. అలారం ఇంకా మోగుతూనే ఉంది. నేను రెండో గ్లాసు పట్టుకున్నాను, అదీ నాకే.